భద్రాద్రి త్రోవలో వంగిన చక్రము

గడచిన కార్తిక మాసమున మేము రాజమహేంద్రవరము నుండి మారేడుమిల్లి కనుమ మీదుగా భద్రాచలమునకు బోయి వచ్చితిమి. ఆ కొండల సొంపును, శబరీ గోదావరుల తీరములను వర్ణించిన వ్రాతలు సోదరీమణులు ఇదివరకే చదివియుందురు. మేమును కొంత చెప్పెదము. కాని ఈ మారు మాకు కొండలు నేర్పినదానికంటె మా పాత బండి చక్రమొకటి నేర్పినది హెచ్చు. కావున రెంటిని గలిపి చెప్పుచున్నాము.

ముందుగా బండి సంగతి. అది మా మామగారు 2004వ సంవత్సరమున కొనిన మారుతి 800. 1983లో మొదటి బండి వీధిలోనికి వచ్చినది మొదలు 2014లో తయారీ నిలుచువరకు, మన మధ్యతరగతి సంసారములను ఎన్నింటినో పెండ్లిండ్లకును, పుష్కరములకును, ఆసుపత్రులకును మోసిన జాతి అది. మూడు సిలిండర్ల చిన్న యంత్రము, పండ్రెండంగుళముల చిన్న చక్రములు. మామగారు దానిని ఇంటి ఆవును చూచినట్లు చూచుకొనెడివారు. నూనె మార్చిన తేది, గాలి పట్టించిన తేది, టైరు మార్చిన తేది అన్నియు ఒక చిన్న పుస్తకమున వ్రాసి బండి సొరుగునందే యుంచెడివారు. 2020లో వారు పరమపదించిన పిమ్మట ఆ పుస్తకమున ఒక్క పంక్తియు చేరలేదు.

బండికి 15 ఏండ్లు నిండినప్పు డొకసారి, 20 ఏండ్లు నిండినప్పుడు మరియొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొంటిమి గనుక 2029 వరకు నడుపుకొనుటకు అనుమతి యున్నది. అయినను దానిని అమ్మివేయుదమని మావారు రెండేండ్లుగా ననుచున్నారు. అత్తగారు పైకేమియు ననరు. భద్రాద్రి రామునకు మామగారి మ్రొక్కొకటి మిగిలియున్నదనియు, అది తీరువరకైన ఈ బండి యింట నుండిన బాగుండుననియు మాత్రము ఒకనాడు వంటయింటిలో మాతో మెల్లగా జెప్పిరి. అందుచే ఈ ప్రయాణము ఆ బండికి వీడుకోలు వంటిదని అందరమును లోలోపల ననుకొనుచునే బయలుదేరితిమి.

మావారు బండి నడుపుచుండగా ప్రక్కన మేము, వెనుక అత్తగారును పిల్లలిద్దరును. కోరుకొండ చేరునప్పటికి నరసింహస్వామి కొండపై లేయెండ పడుచుండెను. గోకవరము దాటిన తరువాత గాలి మారును. వరిచేలు వెనుకబడి జీడిమామిడి తోటలును, వానిని దాటి టేకు చెట్లును కానవచ్చును. అచ్చట ఒక కల్వర్టు నొద్ద రాత్రి కురిసిన వాన నీరు దారిపై నిలిచి అద్దమువలె మెరయుచుండెను. నీటి క్రింద నేమున్నదో ఎవరికి దెలియును? ఎడమవైపు ముందు చక్రము అందులో దిగి, ఏదో గట్టి యంచునకు గొట్టుకొని పెద్ద చప్పుడు చేసెను. పెద్ద చక్రము దాటిపోవు గోతిలో చిన్న చక్రము మునిగిపోవును గదా! బండి నాపి చూచితిమి. టైరులో గాలి యున్నది. బయటికి ఏ దెబ్బయు గానరాలేదు. మరల సాగితిమి.

కొంతదూరము పోయిన పిమ్మట అత్తగారు మందు వేసికొను వేళయైనది. గ్లాసులో నీరు పోసి పట్టుకొంటిమి. అప్పుడు చూచితిమి, నీటిపై సన్నని వలయములు ఎడతెగక లేచుచున్నవి. అచ్చట దారి నున్నగనే యున్నది. మావారి వైపు జూడగా స్టీరింగు పట్టిన ముంజేతులును సన్నగా నదరుచున్నవి.

“బండి వణుకుతోందండీ,” అంటిమి.

“రోడ్డు అలా ఉంది. నీకన్నీ అనుమానాలే,” అనిరి మావారు.

మరి రెండు మైళ్లు పోయినపిమ్మట మరల నంటిమి.

“ఇరవయ్యేళ్ళు దాటిన ముసలి బండి వణక్కేం చేస్తుంది?” అనిరి. పిల్లలు నవ్విరి. అత్తగారు మాత్రము నవ్వలేదు.

మేము తాతగారి యొద్ద గూర్చుండి అమరకోశమును, భాగవతమును వల్లించినవారమే గాని యంత్రముల చదువు చదివినవారము కాము. తెలియని విషయమున పట్టుబట్టుట ఎట్లని కొంతసేపు నోరు మూసికొంటిమి. ఈ ప్రయాణమున మేము చేసిన తప్పు ఆ కొంతసేపే. ముందర కనుమ యున్నది, వెనుక పిల్లలున్నారు. ఇక నూరకుండుటకు మనసొప్పలేదు. అయితే భయముగా నున్నదన్నచో ఎవ్వరును వినరనియు దెలియును. కావున వేగము చూపు ముల్లును గ్లాసులోని నీటిని మార్చి మార్చి చూచుచు కూర్చుంటిమి. కొంతసేపటికి సంగతి తేటపడెను.

“నలభైలో ఏమీ లేదండీ. యాభై దాటితే మొదలవుతోంది. అరవైకి బాగా ఎక్కువవుతోంది. మళ్ళీ తగ్గిస్తే పోతోంది. ముసలితనమైతే అన్ని వేగాల్లోనూ ఉండాలి కదా?”

మావారు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. లెక్కను కాదనువారు కారు. మారుమాటాడక తామే రెండుసార్లు వేగము పెంచి, తగ్గించి చూచిరి. అప్పుడు వెనుకనుండి అత్తగారు, “బండి మాట్లాడుతుంది, మనం వినాలి అనేవారురా మీ నాన్నగారు. ఆపి ఎవరికైనా చూపించు నాయనా,” అనిరి. రంపచోడవరములో ఒక పంక్చరు అంగడి యెదుట బండి నాపితిమి.

అంగడివాడు వయసు మీరినవాడు. చక్రముల వైపు చూడకముందే రెండు ప్రశ్నలడిగెను.

“వణుకు చేతికొస్తోందాండి, సీటుకొస్తోందాండి?”

“చేతికే,” అంటిమి.

“బ్రేకు తొక్కినప్పుడేనాండి, ఊరికేనాండి?”

“ఊరికే వస్తోంది.”

“అయితే ముందు చక్రమేనమ్మగారూ. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు సంగతి చూడాలండి. సీటుకొస్తే వెనక చక్రాలండి.”

వైద్యుడు నాడి పట్టకముందు రోగిని ప్రశ్నించినట్లే యున్నది. పిమ్మట మమ్మునందరిని దింపి, చేతిబ్రేకు వేయించి, వెనుక చక్రములకు ఇటుకలడ్డము పెట్టి, ముందరి ఎడమ ప్రక్కను జాకీతో లేపెను. గేరు తీయించి, లోపలియంచు కనబడునట్లు స్టీరింగును ప్రక్కకు తిప్పించెను. “ఓ సుద్దముక్క ఉంటే బాగుండునండి,” అనెను. మావారి చొక్కా జేబులో ఎల్లప్పుడు నుండునది అదియే గదా! తీసి యిచ్చిరి. అప్పటినుండి వాడు మావారిని మాస్టారూ అని పిలువసాగెను.

వాడు ఇటుకపై మోచేయి కదలకుండ ఆనించి, సుద్దముక్కను రిమ్ము లోపలియంచునకు వెండ్రుకవాసి దూరమున పట్టి, రెండవ చేత చక్రమును త్రిప్పెను. చక్రము సవ్యముగా నున్నచో సుద్ద అంచు పొడుగునను తగులవలెను, లేదా ఎచ్చటను తగులరాదు. కాని జానెడు మేర మాత్రమే తెల్లని గీత పడెను. తక్కిన యంచు నల్లగనే యున్నది. ఆ జానెడు చోటే గోతియంచునకు దగిలి వంగినది. బయటివైపు నుండి ఎంత చూచినను గానరాని దెబ్బ అది.

మావారు గీతను చూచి, మమ్ము చూచి, “నువ్వన్నదే నిజం,” అనిరి. పిల్లల యెదుట అనిరి. మాకదియే చాలును.

ఇంతచిన్న వంపునకు అంత వణుకేల యని మేమడుగగా మావారక్కడనే లెక్క కట్టి చూపిరి. మా బండి చక్రము ఒక్క చుట్టునకు ఇంచుమించు 1.6 మీటరు పోవును. గంటకు 60 కిలోమీటర్ల వేగమన సెకనుకు 16 మీటర్ల పైమాట. అనగా చక్రము సెకనుకు పది చుట్లకు పైగా తిరుగుచున్నది. వంకర యొకటే గాని అది సెకనుకు పదిసార్లు స్టీరింగును, బేరింగును, కీళ్లను కొట్టుచున్నదన్నమాట. మెల్లగా పోవునప్పుడు ఆ దెబ్బ మనకు దెలియదు. దెలియనంత మాత్రమున లేదనరాదు.

ఇక స్టెప్నీ వేసికొని పోవుటయే తరువాయి యనుకొంటిమి. సామానంతయు దింపి దానిని బయటికి తీసితిమి. చూచుటకు క్రొత్తదానివలె గాట్లు లోతుగా నున్నవి. కాని అంగడివాడు దానిని ఎండలో త్రిప్పి, టైరు ప్రక్కనున్న అక్షరముల చివర అండాకారపు గీతలోని నాలుగంకెలను మాకు చూపెను. 1813 అని యున్నది. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండు సంవత్సరమును దెలుపునట. అనగా 2013వ సంవత్సరమున పదునెనిమిదవ వారమున తయారైన టైరు. తిరుగకున్నను రబ్బరు ఏండ్లు గడచినకొలది గట్టిపడి పగుళ్లు బారును. గోరుతో విడదీసి చూడగా గాట్ల నడుమ సన్నని చీలికలు కనబడెను. రెండేండ్ల క్రిందట మావారు నాలుగు చక్రములకును క్రొత్త టైర్లు వేయించిరి గాని, అయిదవదానిని తలచినవారు లేరు. మామగారి పుస్తకము ఆగిపోయిన తరువాత జరిగిన పని యిది.

ఇప్పుడు మా చేత రెండు చక్రములు. ఒకదానికి టైరు మంచిది, రిమ్ము వంకర. రెండవదానికి రిమ్ము మంచిది, టైరు ముసలిది. దేనితో కనుమ యెక్కవలెను? సుత్తితో నాలుగు దెబ్బలు వేసి వంపు తీయరాదా యని మావారడిగిరి. “కొట్టొచ్చండి. ఇక్కడ తీస్తే అక్కడ వస్తుందండి. ఘాటెక్కే బండికి నేను కొట్టనండి,” అనెను. పిమ్మట తానే ఉపాయము చెప్పెను. రెండు టైర్లను ఊడదీసి, మంచి టైరును మంచి రిమ్మునకు ఎక్కించుట! ఎక్కించుటకు ముందు టైరు లోపలను వెలుపలను చేయి పెట్టి తడిమెను. గోతిలో పడిన టైరునకు ప్రక్కల లోపలి దారములు తెగి బొబ్బవలె ఉబ్బు లేచునట. అట్టి ఉబ్బు చిన్నదైనను ఆ టైరు ఏ నిమిషముననైన పగులవచ్చును గాన వాడరాదట. దైవవశమున మాదానికి ఉబ్బు లేదు.

మరియొక చిక్కును వాడే చెప్పెను. టైరును క్రొత్త రిమ్మున కెక్కించిన తరువాత బరువు అన్ని ప్రక్కల సమముగా నున్నదో లేదో యంత్రముపై చూడవలెను. ఆ బాలెన్సింగు యంత్రము వానియొద్ద లేదు. అందుచే ఆ చక్రమును వెనుకకు వేసి, వెనుక సవ్యముగా తిరుగుచున్నదానిని ముందునకు తెచ్చెను. వెనుక కొంచెము అదరినను బండి త్రిప్పుట చేతికి లోబడియుండవలెనని దాని యర్థము. నాలుగు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు పోయినపిమ్మట మరల నొకసారి బిగించుకొండని చెప్పి మూడు వందలు పుచ్చుకొనెను.

ఈ పని జరుగు గంటసేపు మేము అంగడి బల్లపై గూర్చుంటిమి. ఎదురుగా రంప కొండలు. 1879లో నొకసారియు, 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మరియొకసారియు తెల్లదొరల ప్రభుత్వముపై పితూరీ లేచిన మన్యము ఇది. 1882 నాటి మదరాసు అటవీ చట్టము పోడు సేద్యమును అరికట్టుటయు, గూడెము కొండలలో దారులు వేయుటకు గిరిజనులను వెట్టికి నెట్టుటయు రెండవ పితూరీకి కారణములలోనివి. మనము సుఖముగా పోవు కొండదారుల వెనుక ఎవరి చెమట యున్నదో ఆ బల్లపై గూర్చుండినప్పుడు తలపునకు వచ్చెను.

అత్తగారు పిల్లలకు కైకేయి కథ చెప్పుచుండిరి. యుద్ధమున దశరథుని రథపు ఇరుసు శీల జారగా కైక తన వ్రేలు పెట్టి చక్రమును నిలిపినదట. వాల్మీకి రామాయణమున ఈ వ్రేలి మాట లేదు. మూర్ఛిల్లిన రాజును రణము నుండి తొలగించి రక్షించినదని మాత్రమే యున్నది. ఆ సంగతి మాకు దెలిసియు అత్తగారి మాటకు అడ్డము చెప్పలేదు. శీల జారుచున్న సంగతి ప్రక్కన గూర్చున్న ఆడుదానికి ముందు దెలిసినదని జనులు కల్పించుకొనిన కథలో కొంత నిజమున్నట్లు ఆనాడు మాకు దోచెను.

రంపచోడవరము వదలిన తరువాత గ్లాసులో నీరుపోసి పట్టుకొంటిమి. యాభైయైదు వరకు నీరు కదలలేదు. ఆపైన సీటు క్రింద కొంచెము గిలిగింతవలె తెలిసినది. మావారు అంతకు మించి పోనీయలేదు.

మారేడుమిల్లిలో వెదురు బొంగులలో కూరలు కూరి నిప్పులపై కాల్చుచున్న పాకలు దారి పొడుగున గలవు. ఊరు దాటగానే కనుమ మొదలగును. వంపు వెనుక వంపు. ప్రతి వంపునను ఒకప్రక్క కొండ గోడ, మరియొకప్రక్క చెట్ల తలలు మాత్రమే కనబడు లోయ. ఎండ పొద్దెక్కినను లోయలలో మంచు విడువలేదు. ఎక్కడనో నీరు పడుచున్న చప్పుడు వినబడును గాని నీరు కనబడదు. కొండరెడ్ల పల్లెలు అక్కడక్కడ, మట్టిగోడలు నున్నగా నలికి యున్నవి. దిగుడులో మావారు బ్రేకుపైననే భారము వేయక రెండవ గేరులో బండిని నిదానముగా దింపిరి. ఇట్టి వంపులలో చేతిలోని స్టీరింగు కదలక నిలుచుట ఎంత యవసరమో చూచుచున్న మాకు, వెనుక కల్వర్టు నుండి ఇటులనే వచ్చియుండినచో నేమగునో యను తలంపు వచ్చి ఒడలు జలదరించెను.

చింతూరునొద్ద ఆగి నట్లను బిగించి చూచితిమి. ఒకటి పావు చుట్టు తిరిగినది. అంగడివాని మాట వమ్ము గాలేదు. ఒరిస్సా కొండలలో కొలాబు అను పేర పుట్టి వచ్చు శబరిని అచ్చట దాటి పోయితిమి. పిల్లలకు ఆ నదిపేరు వినగానే ఎంగిలి పండ్ల కథ జ్ఞప్తికి వచ్చినది.

సాయంకాలమునకు భద్రాచలము చేరితిమి. 2014 నుండి ఈ పట్టణము తెలంగాణమునను, మేము వచ్చిన చింతూరు మండలము ఆంధ్రప్రదేశమునను నున్నవి. గోదావరి మాత్రము ఇరువురిదియు. కరకట్టనొద్ద నిలుచుండగా నీరు ఎంతో దిగువను శాంతముగా నుండెను. 1986 ఆగస్టులో ఇదే నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినదన్న నమ్మశక్యము కాదు. 43 అడుగులకే మొదటి హెచ్చరిక చేయుదురు. నది కూడ ముందుగా చెప్పియే వచ్చును. అంకెను చూచువారుండవలెను గదా!

మరునాటి యుదయమున దర్శనము. పదునేడవ శతాబ్దమున పాల్వంచ తహసీలుదారు కంచెర్ల గోపన్న గోలకొండ చెరసాల పాలైయును కట్టి నిలిపిన కోవెల ఇది. ఎడమ తొడపై జానకిని గూర్చుండబెట్టుకొనిన ఆ రాముని యెదుట అత్తగారు చాలసేపు నిలిచిరి. మామగారి పేర అన్నదానమునకు సొమ్ము చెల్లించి, రసీదును మా చేతికిచ్చి, “బండిలో ఆ పుస్తకంలో పెట్టమ్మాయ్,” అనిరి.

వచ్చిన త్రోవనే తిరిగి వచ్చి, రాజమహేంద్రవరములో చక్రములు సరిచేయు వారియొద్దకు పోయితిమి. అచ్చటి యంత్రముపై చక్రమును బిగించి తిప్పగా ఏ చోట ఎన్ని గ్రాములు తక్కువయో అంకెలు పడును. ఆ చోట చిన్న లోహపు ముక్కను తగిలింతురు. వెనుక సీటు గిలిగింత అంతటితో పోయెను. అలైన్‌మెంటును చూపితిమి. చక్రమున బరువు సమముగా లేనిచో వణుకు వచ్చును. చక్రముల వాలు తప్పినచో బండి యొక ప్రక్కకు లాగును, టైరు ఒక యంచున అరుగును. ఈ రెండును వేరు వేరు వ్యాధులు. ఒకదానికి మందు వేసి రెండవది పోవలేదని వగచువారు పెక్కుమంది యుందురట. గోతిలో పడిన బండికి రెండును చూడవలెను.

వంగిన రిమ్మును పరీక్షించి, అది ఇనుప రేకుది గనుకను, అతుకునొద్ద చీలిక లేదు గనుకను మరపై పెట్టి తిన్నగా తీయవచ్చుననిరి. పోతపోసిన అల్లాయ్ చక్రమైనచో వంపు వెంట చీలిక కూడ యుండవచ్చునట. దానిని దారి ప్రక్కన కాల్చి కొట్టించుట ప్రమాదము. మాదానిని తిన్నగా తీయించి, క్రొత్త టైరు వేయించి, స్టెప్నీగా నుంచితిమి.

ఈ ఖర్చంతయు చెల్లించి వచ్చుచు, బండి నమ్మకపు మాట మావారే యెత్తుదురని చూచితిమి. “2029 దాకా అనుమతి ఉంది కదా. చూద్దాంలే,” అనిరి. అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చుండిరి.

సోదరీమణులారా! మనలో పెక్కురము బండి నడుపకపోవచ్చును. ప్రక్కసీటులో కూర్చుండువారమైనను మన చేతులకు, పాదములకు తెలివి యున్నది. వణుకు ఏ వేగమున మొదలగును, చేతికా సీటుకా, బ్రేకు తొక్కినప్పుడా ఊరికేనా యని గమనించి అంకెలతో చెప్పుడు. “భయముగా నున్నది” అన్న మాటను త్రోసివేయువారును అంకెను త్రోసివేయలేరు. ఒకసారి వినకున్న రెండవసారి, రెండవసారి వినకున్న మూడవసారి చెప్పుడు. స్టెప్నీ టైరుపైనున్న నాలుగంకెలను ఈ వారమే చూడుడు.

ఆ రాత్రి మామగారి పుస్తకమును తెచ్చి, వారి చివరి పంక్తి క్రింద తేది వేసి, “ముందు ఎడమ చక్రము రిమ్ము మార్చితిమి. స్టెప్నీకి క్రొత్త టైరు. నాలుగు చక్రములకు బాలెన్సింగు” అని వ్రాసితిమి. వారి అక్షరము ముత్యములవంటిది. మాది అంత బాగుండదు. అయినను అప్పటినుండి ప్రతి నెలయు వ్రాయుచునే యున్నాము.